ఓటు వేసిన మర్నాడు

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఆదివారం సాయంత్రం, కంప్యూటర్ ఆటలంటే ఇష్టమున్న తెలుగువాళ్ళు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. మాటల తీరు మార్చకుండా రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. సిల్క్ బోర్డు జంక్షన్ దాటుకుని ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని ఇందాక తెలిసింది. ఆదివారం పూట ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఇవాళ నేను మాట్లాడేది చూడ్డానికి చిన్న విషయమే. స్ట్రాటజీ గేముల్లో డిప్లొమాటిక్ విక్టరీ, అంటే యుద్ధంతో కాకుండా మిగతా దేశాల ఓట్లతో ఆట గెలిచే దౌత్య విజయం ఉంటుంది కదా, అది దగ్గరపడ్డప్పుడు కంప్యూటర్ ఆడే దేశాలు ఎలా నడుచుకుంటాయి అన్నది. పదిహేనేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ప్రోగ్రామింగ్ నా ఉద్యోగం కాబట్టి అలా అనిపిస్తోందేమో అనుకున్నాను కొన్నాళ్ళు. కాదు. ఈ ప్రశ్న మనుషుల గురించే.

ఎక్కడ మొదలైందో చెప్తాను. అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో సివిలైజేషన్ నాలుగో భాగం ఆడేవాళ్ళం. 2005లో వచ్చిన ఆట అది. మనం ఒక దేశాన్ని తీసుకుని టర్న్‌ల మీద, అంటే వంతుల వారీగా, నడుపుతాం; మిగతా దేశాల్ని కంప్యూటర్ ఆడుతుంది. ఒక రాత్రి నేను అశోకుడి పేరు మీద భారతదేశం తీసుకున్నాను. పక్కనే స్పెయిన్, రాణి ఇసబెల్లా. ఆ ఆట ఆడినవాళ్ళకి తెలుసు, ఆమెకి మతం పట్టింపు మహా ఎక్కువ. మన మతం వేరైతే ఎంత మంచిగా ఉన్నా మొహం చిట్లించుకునే ఉంటుంది. అదృష్టం కొద్దీ ఆ రాత్రి ఇద్దరిదీ బౌద్ధమే. ఆట పొడుగునా ఆమెతో సఖ్యంగా ఉన్నాను. గుర్రాలడిగితే గుర్రాలిచ్చాను, విద్యలడిగితే విద్యలిచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి ఐక్యరాజ్య సమితి ఓటింగ్ వచ్చింది. ఇసబెల్లా నాకు ఓటేసింది. ఆ ఓటుతో నేను గెలిచాను.

గెలుపు తెర చూస్తూ కూర్చున్నాను గానీ సంతోషం రాలేదు. ఆమె నాకంటే మరీ వెనకబడి ఏమీ లేదు. ఇంకా వంద టర్న్‌లు ఆడొచ్చు. ఆ ఓటు వేయకపోతే ఆమె ఆటలో ఉండేది. వేసింది కాబట్టి ఓడిపోయింది. తను ఓడిపోతానని తెలిసి ఎవరైనా చెయ్యెత్తుతారా? ఎందుకెత్తింది?

అప్పట్లో నాకు జవాబు తెలియదు. తర్వాత తెలిసింది, అందులో దాపరికం ఏమీ లేదని. ఆ ఆటలో కంప్యూటర్ దేశానికి మన మీద ఉన్న అభిప్రాయం ఒక కూడిక లెక్క. మతం ఒకటైతే ఇన్ని మార్కులు. సరిహద్దులు తెరిచి ఉంచితే ఇన్ని. వాళ్ళ మిత్రుడి మీద యుద్ధం చేస్తే ఇన్ని తీసివేత. మౌస్ తీసుకెళ్ళి నాయకుడి పేరు మీద పెడితే ఆ ప్లస్సులు, మైనస్సులు వరసగా కనిపిస్తాయి. మొత్తం 3కి చేరితే మన మీద సంతోషం, 10కి చేరితే స్నేహం. కిందికి వెళ్తే -3 దగ్గర చిరాకు, -10 దగ్గర మండిపాటు. ఓటు కూడా ఆ కూడిక చూసే పడుతుంది. ఇసబెల్లా తన గెలుపోటములు లెక్కేసుకోలేదు. అశోకుడంటే ఇష్టం కాబట్టి వేసింది, అంతే.

దీన్ని తెలివితక్కువ అని కొట్టిపారేయకండి. ఆ భాగానికి ముఖ్య రూపకర్త సోరెన్ జాన్సన్ ఈ విషయం మీద చాలా ఆలోచించినవాడు. బాగా ఆడే ఏఐ వేరు, ఆడేవాడికి ఆట బాగుండేలా చేసే ఏఐ వేరు అని ఆయన విడదీసి చెప్పాడు. ఆలోచించండి. ఆట మొదటి నుంచీ మీరు ఒకడితో స్నేహంగా ఉన్నారు. సాయం చేశారు, కష్టంలో ఆదుకున్నారు. చివరి రోజున, మీరు గెలవబోతున్నారన్న ఒక్క కారణంతో వాడు మీ మీద పడితే? అన్నేళ్ళ స్నేహానికి విలువేముంది? అప్పుడు దౌత్యం అనే బటన్ ఆటలో ఎందుకు? అందుకే వాళ్ళు మాట మీద నిలబడే పాత్రల్ని రాశారు. ఆ నిర్ణయం మీద నాకు గౌరవం ఉంది.

దాని చిక్కు మాత్రం దానికుంది. 2007లో బియాండ్ ద స్వోర్డ్ అని ఆ ఆటకి పొడిగింపు వచ్చింది. అందులో అపోస్టలిక్ ప్యాలెస్ అని మతసభ లాంటి కట్టడం ఒకటి. ఆ కట్టడం ఏ మతానిదో ఆ మతం ప్రతి దేశంలో కనీసం ఒక ఊళ్ళో ఉంటే, మతసభ నాయకుడు ఓటుతో ఏకంగా ఆటే గెలవచ్చు. జనాలు ఏం చేశారంటే, పొరుగు దేశంలో ఏదో ఒక చిన్న ఊరికి ప్రచారకుణ్ణి పంపి మతం అంటించి, ఐక్యరాజ్య సమితి మాట పుట్టకముందే, మధ్యయుగంలోనే ఆట ముగించేసేవాళ్ళు. కంప్యూటర్ దేశాలు చూస్తూ ఊరుకునేవి. సరిహద్దు దాటి వచ్చిన కత్తిని పసిగట్టేవి గానీ, సంచి భుజాన వేసుకుని వచ్చిన ప్రచారకుణ్ణి ప్రమాదంగా లెక్కపెట్టేవి కావు.

ఇప్పుడు ఐదో భాగానికి వద్దాం. 2010. రూపకర్త జాన్ షేఫర్. ఇక్కడ దారి మార్చారు. కంప్యూటర్ దేశాలు కూడా గెలవడానికే ఆడతాయి. మనం గెలిచేలా ఉంటే వాటికి నచ్చదు, ఆ నచ్చకపోవడాన్ని చెప్పేస్తాయి కూడా. వాళ్ళ అభిప్రాయాల జాబితాలో ఒక వరస ఉంటుంది: మేం గెలవాలనుకున్న దారిలోనే నువ్వూ గెలవాలని చూస్తున్నావు, అది మాకు నచ్చలేదు అని. మొదటిసారి అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇసబెల్లా ఇన్నాళ్ళకి తన లాభం తాను చూసుకుంది కదా అనిపించింది.

మరి ఓటు? ఐదో భాగంలో పెద్ద దేశం ప్రతిదీ తన ఓటు తనకే వేసుకుంటుంది. ఒక్క మినహాయింపు. ఒక దేశం పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాక, మీరు వాళ్ళ నగరాన్ని విడిపించి తిరిగి నిలబెడితే, ఆ దేశం మీకు ఓటేస్తుంది. ప్రాణం పోసినవాడికి మాత్రమే ఓటు! ఆ ఒక్క నియమం రాసినవాళ్ళు ఎవరో గానీ, నాకు వాళ్ళని కలిసి చెయ్యి కలపాలని ఉంటుంది.

మిగతా ఓట్లన్నీ సిటీ-స్టేట్లవి. చిన్న చిన్న నగర రాజ్యాలు. వాటి స్నేహం బంగారంతో కొనాలి. ఒక్కోసారి 250, 500, లేదా 1000. మీ పలుకుబడి 60కి చేరి, మిగతావాళ్ళకంటే ఎక్కువుంటే మీకు మిత్రరాజ్యం. ఓటింగ్‌కి ఒక్క టర్న్ ముందు దాకా బొక్కసం నింపుకుని కూర్చుని, ఒకే దెబ్బకి అన్నిటికీ పంచేస్తే గెలుపు మీదే. పక్క దేశాలు కూడా అవే నగరాల కోసం పోటీ పడతాయి. కానీ ఆఖరి టర్న్ కోసం బంగారం దాచుకోవాలన్న ఆలోచన వాటికి లేదు. దౌత్య విజయం అని పేరు పెట్టారు గానీ, అందులో మాట్లాడాల్సిన అవసరం ఎవరితోనూ రాదు.

ఆరో భాగం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2016లో ఆట వచ్చినప్పుడు దౌత్య విజయమే లేదు. 2019లో గ్యాదరింగ్ స్టార్మ్ పొడిగింపుతో వచ్చింది. ప్రపంచ సభ ఉంటుంది, దౌత్య పాయింట్లు కూడబెట్టాలి. మొదట 10 చాలు అన్నారు, తర్వాత 20 చేశారు. సభలో ఒక తీర్మానం వస్తుంది: ఒకరికి 2 పాయింట్లు ఇవ్వాలి, లేదా ఒకరి నుంచి 2 తీసేయాలి. మీరు ముందున్నారా, కంప్యూటర్ దేశాలన్నీ కట్టగట్టుకుని మీ నుంచి తీసేయమని ఓటేస్తాయి. గెలిచిన పక్షాన ఓటేసినవాళ్ళకి 1 పాయింటు వస్తుంది. అందుకని అనుభవమున్న ఆటగాడు ఏం చేస్తాడు? తన మీద తనే వ్యతిరేకంగా ఓటేసుకుంటాడు. రెండు పోతాయి, ఒకటి వస్తుంది. మూడుసార్లు చదివాను ఆ నియమం. దౌత్యంలో గెలవడానికి నా మీద నేనే ఓటేసుకోవాల్సి వస్తే, ఆ ఆటలో ఎక్కడో ముడి తప్పుగా పడినట్టే. 2025లో వచ్చిన ఏడో భాగంలో దౌత్య విజయాన్ని అసలు పెట్టనే లేదు.

చూడండి, రెండు దారులూ మూసుకుపోయాయి. ఇష్టంతో ఓటేస్తే కంప్యూటర్ తన ఓటమికి తనే సంతకం పెట్టినట్టు. గెలుపు కోసం ఆడితే ఎవ్వరికీ ఓటెయ్యదు, ఇక దౌత్యం డబ్బు లెక్కగా మారిపోతుంది. ఇరవై ఏళ్ళుగా చాలా తెలివైనవాళ్ళు ఈ రెండిటి మధ్యే తిరిగారు.

ఇప్పుడు నేను ఆట పక్కన పెట్టి మా మండలానికి వెళ్తాను.

మండల పరిషత్ అధ్యక్షుడి ఎన్నిక మీలో చాలామంది చూసే ఉంటారు. ఎంపీటీసీ సభ్యులు చెయ్యెత్తి ఎన్నుకుంటారు. ఎన్నికకి వారం ముందు నుంచే క్యాంపు. సభ్యుల్ని బస్సెక్కించి ఎక్కడికో తీసుకెళ్ళి, ఓటు రోజు పొద్దున నేరుగా ఆఫీసు దగ్గర దింపుతారు. నా చిన్నప్పుడు మా ఊరి సభ్యుడు ఒకాయన, అధ్యక్ష పదవి తనకే కావాలని పట్టుబట్టినవాడు, చివరికి ఎదుటివాడికే చెయ్యెత్తాడు. మా తాతని అడిగాను, ఓడిపోయాడు కదా, ఎందుకెత్తాడు అని. తాత అన్నాడు: "ఓడిపోవడమేంట్రా, ఉపాధ్యక్షుడు ఆయనే కదా. మనూరి చెరువు కట్ట పని కూడా రాయించుకొచ్చాడు."

ఈ క్యాంపుల సంగతి వస్తే మన తెలుగువాళ్ళకి కర్ణాటక కొత్త కాదు. 1984 ఆగస్టు 16న ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశాక, ఆయన వైపు ఎమ్మెల్యేల్ని కాపాడుకోవడానికి తీసుకొచ్చింది ఇటే. అప్పుడు ఇక్కడ ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న నంది కొండ మీద కూడా వాళ్ళని ఉంచారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజులూ ఒక్కొక్క ఎమ్మెల్యే మనసులో ఏం తిరిగి ఉంటుంది? ఎవరంటే నాకు ఇష్టం అన్న లెక్కా ఉంటుంది, ఎవరు గెలిస్తే నాకేమిటి అన్న లెక్కా ఉంటుంది. ఆ రెండిటి కింద ఇంకో లెక్క ఉంటుంది: రేపు ఊరికెళ్ళి జనానికి మొహం చూపించాలి.

ఆ రేపు అన్నదే కంప్యూటర్ ఆటలో లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. తప్పు ఏఐలో లేదు, ఆట నియమంలో ఉంది. ఓటు పడుతుంది, గెలుపు తెర వస్తుంది, ఆట ఆగిపోతుంది. ఓటు వేసిన మర్నాడంటూ లేదు. మర్నాడు లేనప్పుడు ఏ మాటకీ విలువ ఉండదు. "నాకు ఓటెయ్, నీకు ఉపాధ్యక్ష పదవి ఇస్తాను" అని ఇసబెల్లాకి నేను చెప్పలేను. ఇవ్వడానికి రేపు ఉండాలిగా! ఆమె ముందున్నవి రెండే: అమాయకంగా ఓడిపోవడం, లేదా మొండికేయడం.

దీనికి లెక్కల వైపు నుంచి కూడా ఆధారం ఉంది. 1980 ప్రాంతంలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే రాజనీతి శాస్త్రవేత్త కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెట్టాడు. ఇద్దరు ఆటగాళ్ళు, ప్రతిసారీ సహకరించడమా, మోసం చెయ్యడమా అన్నదే ఎంపిక. గెలిచింది చాలా చిన్న ప్రోగ్రాము, అనటోల్ రాపొపోర్ట్ పంపింది. మొదట సహకరిస్తుంది, తర్వాత నుంచి ఎదుటివాడు పోయినసారి ఏం చేశాడో అదే చేస్తుంది. మొదటి పోటీలో ప్రతి ఆట సరిగ్గా 200 ఎత్తులు. ఎన్ని ఎత్తులో ముందే తెలిస్తే ఒక చిక్కు ఉంది. చివరి ఎత్తులో మోసం చేస్తే శిక్షించేవాడు ఉండడు. చివరిది ఎలాగూ మోసమే అయితే దాని ముందుదానికి అర్థం లేదు. అలా వెనక్కి వెనక్కి మొదటి ఎత్తు దాకా నమ్మకం కూలిపోతుంది. అందుకే రెండో పోటీలో ఆట ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియకుండా చేశాడు. అందులోనూ ఆ చిన్న ప్రోగ్రామే గెలిచింది.

పాత ఆటల్లో దీని జాడ కొంచెం కనిపిస్తుంది. 1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో నక్షత్ర రాజ్యాలన్నిటికీ ఒక మహాసభ ఉంటుంది. పాతికేళ్ళకోసారి కూర్చుంటుంది. జనాభాని బట్టి ఓట్లు. ఎక్కువ ఓట్లున్న ఇద్దరు అభ్యర్థులు. మూడింట రెండు వంతులు వస్తే చక్రవర్తి. ఇద్దరూ నచ్చకపోతే ఓటెయ్యకుండా కూర్చోవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది, సభ వేరేవాణ్ణి ఎన్నుకుంటే మీరు ఒప్పుకోకుండా ఎదురు తిరగవచ్చు. అప్పుడు మిగతావాళ్ళంతా ఒకటై మీ మీదికి వస్తారు. అది భయంకరమైన మర్నాడే, కానీ మర్నాడు. ఓటు తర్వాత ఏదో జరుగుతుంది. మహాభారతంలో కృష్ణుడి రాయబారం మనకి ఇంతగా గుర్తుండడానికి కారణం కూడా అదే అనుకుంటాను. ఆ మాటల వెనక కురుక్షేత్రం ఉంది. అయిదూళ్ళు ఇవ్వమని అడగడం దగ్గరే కథ ఆగిపోతే అది రాయబారం అయ్యేది కాదు.

డిప్లొమసీ అనే బోర్డు గేమ్ కూడా చెప్పాలి. అలన్ కాల్‌హమర్ తయారుచేసిన ఆట, 1959లో బయటికొచ్చింది. ఏడు దేశాలు, 34 కేంద్రాలు, 18 గెలిచినవాడు విజేత. పాచికల్లేవు, అదృష్టం లేదు, అంతా మాటలే. 2022లో మెటా సంస్థ పరిశోధకులు సిసిరో అనే ఏఐని ఇందులో మనుషుల మధ్య కూర్చోబెట్టారు. 40 ఆటలాడింది. ఒకటికంటే ఎక్కువ ఆటలాడినవాళ్ళలో పై పది శాతంలో నిలిచింది. అది భాషతో బేరమాడుతుంది, పొత్తు కుదుర్చుకుంటుంది. అది ఎంత నిజాయితీగా ఆడింది అన్న చర్చ తర్వాత చాలా జరిగింది, ఇప్పుడు అందులోకి వెళ్ళను. నేను చూడమనేది ఆట నియమం. ఇక్కడ మిగిలినవాళ్ళు ఒప్పుకుంటే డ్రా చేసుకోవచ్చు, గెలుపు పంచుకోవచ్చు. పంచుకోవడానికి ఏదో ఉంది కాబట్టి మాటకి విలువ ఉంది.

ఇక మా ప్రయత్నం. నేను, ఇద్దరు మిత్రులు కలిసి ఏడాదిన్నరగా శనివారాలు ఒక చిన్న ఆట రాస్తున్నాం. రాయలసీమ, పాళెగాళ్ళ కాలం. దత్త మండలాలు ఈస్టిండియా కుంపిణీ చేతికి పోయిన 1800కి ముందు. ఏడుగురు పాళెగాళ్ళు. అందరూ కలిసి ఒకణ్ణి పెద్దగా ఎన్నుకోవాలి. తేడా ఏమిటంటే, ఎన్నికయ్యాక ఆట ఆగదు. మూడు పదవులుంటాయి. ఎవరికి ఏది ఇస్తానన్నాడో పెద్ద ఇచ్చి చూపించాలి. చివర్లో పెద్దకి ఎక్కువ మార్కులు, పదవుల్లో ఉన్నవాళ్ళకి కొన్ని, బయట ఉన్నవాళ్ళకి తక్కువ.

మొదటిసారి ఘోరంగా పోయింది. పదవికి మార్కులు ఎక్కువ పెట్టాం. మూడో టర్న్‌కే ఆరు బాట్‌లూ, అంటే కంప్యూటర్ ఆడే పాళెగాళ్ళు, పరిగెత్తుకెళ్ళి బలవంతుడికి చెయ్యెత్తేశాయి. ఆట అయిపోయింది! మార్కులు తగ్గించాం. ఈసారి ఎవరూ ఎత్తలేదు. ఇసబెల్లా, ఐదో భాగం, మళ్ళీ అవే రెండు గోడలు. నెల రోజులు అక్కడే ఆగిపోయాం, నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. అప్పుడు ఒక మిత్రుడు, కర్నూలు అబ్బాయి, అన్నాడు: "అన్నా, మాట తప్పిన పెద్దని దించే పద్ధతి లేదు కదా మన దాంట్లో. మా మండలంలో అవిశ్వాసం పెడతారు." అంతే. అవిశ్వాసం పెట్టాం. నలుగురు కలిస్తే పెద్దని దించొచ్చు.

ఆ రోజు నుంచి బాట్‌లు మారిపోయాయి. వాటి కోడ్‌లో మేం మార్చింది చాలా తక్కువ. ముందు ఓటేసినవాడు చౌకగా దొరుకుతాడు, ఆలస్యం చేసినవాడికి పదవులు అయిపోతాయి. అందుకని బేరం మొదలైంది. ఓటు వేసిన ప్రతి బాట్ కారణం కూడా తెర మీద రాయాలని పెట్టాం. ఓ శనివారం మా మిత్రుడి చెల్లెలు ఆడింది. ఆరుగురిలో ఇద్దరే ఆమెకి ఓటేశారు, ఓడిపోయింది. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆమె తెర వైపు చూపించి, "వీడన్నది నిజమే" అంది. అక్కడ ఒక బాట్ రాసిన వరస ఉంది: చెరువుకి నీళ్ళిస్తానని తొమ్మిదో టర్న్‌లో మాటిచ్చావు, ఇవ్వలేదు.

(శ్రోతల్లోంచి ఒక ప్రశ్న: మరి మీ ఆటకీ ఎక్కడో చివరి టర్న్ ఉంటుంది కదండీ, అప్పుడు మళ్ళీ అందరూ మాట తప్పుతారు కదా?)

మంచి ప్రశ్నండీ. తప్పారు కూడా. మొదట ఎన్నిక తర్వాత పదిహేను టర్న్‌లని పెట్టాం, పధ్నాలుగో టర్న్‌లో పెద్ద అందరి పదవులూ ఊడబెరికేవాడు. అందుకే ఆక్సెల్‌రాడ్ రెండో పోటీలో చేసిందే మేమూ చేశాం. ఇప్పుడు ఆట పన్నెండో టర్న్‌లో ఆగొచ్చు, పద్దెనిమిదిలో ఆగొచ్చు. ఆడేవాళ్ళకి తెలియదు, బాట్‌లకీ తెలియదు. ఆ కిటికీ దగ్గర నాలుగు ల్యాప్‌టాప్‌లు పెట్టాం. ముందు ఎవరు కూర్చుంటారు?